పదో అచ్చరం కాడ

దమామ్‌ల దిగినంక నాకొచ్చిన మొదటి మాట
మాఫీ.
స్టోరు కాడ గ్లౌజులు అడిగితే మాఫీ,
క్యాంపుల నీళ్ళు మాఫీ,
రెండు నెల్లకు జీతమడిగితే
ఫులూస్ మాఫీ.
మా మెట్‌పల్లి దిక్కు మాఫీ అంటే
సొసైటీ గోడకు పేర్లు అంటించిన దినం,
బాకీ పోయిందని మా బాపు మేకను గోసిన దినం.
అక్కడ మాఫీ అంటే లేదు. అంతే.
రెండు మాఫీల నడుమ ఎంత దూరమో
సమజయ్యేదానికి ఒక ఎండకాలం వట్టింది.

మాటలు సులువే, కడుపు నేర్పుతది.
మోయా, ఖుబ్బూస్, యల్లా, ఖలాస్.
బుక్రా అంటే రేపు;
ఆ రేపుకు తారీఖు ఉండదని మాత్రం
నేనే తెల్సుకున్న.
రాతే కష్టం.

సూడాన్ ఇద్రీస్, వెల్డింగు చేసెటోడు,
శుక్రారం పొద్దుగాల సిమెంటు బస్తా చింపి పరిసి
ఇనుము మీద గీసే సుద్దతోని రాసి చూపెట్టెటోడు.
కుడి దిక్కుకెల్లి ఎడమకు,
నాటేసెటోళ్ళు ఎనుకకు నడిసినట్టు.
అలిఫ్, గోడకు నిలవెట్టిన గడ్డపార.
బా, కింద ఒక చుక్క, కారుతున్న చిప్ప.
తా, అదే చిప్ప, మీద రెండు గింజలు.
ఒక్క చుక్క జారితే పేరే మారుతది.
హా అనుమంటే నాకు దగ్గొచ్చేది.
"అక్కడ కాదు, ఇంకా కింద" అని
నా మెడ బొక్క మీద వేలు వెట్టెటోడు
ఊపిరి యాడికెల్లి రావాల్నో.
వారానికి ఒకటి. ఒక్కో వారం అది గూడ లేదు.
పదో అచ్చరం రా.
కొడవలి.
చెయ్యికి ముందే ఎరుకున్నట్టు తిరిగింది.
ఆ వారమే కంపెనీ మూతవడ్డది.

ఆఫీసుల సారు మొకం లేపకుంటనే
కాయితం ముంగట వెట్టి
"హినా" అన్నడు. ఇక్కడ.
ఆ మాటొచ్చు నాకు.
ఇక్కడ వెట్టిన, లింబాద్రి అని,
తెలుగుల, గుడి తప్పకుంట, సున్న తప్పకుంట.

ఇది జరిగి ఏడాదిన్నర.
నిన్న బ్యాగు జిప్పు పోయిందని
పాత బస్టాండు ఎనక యాకూబ్ సాబు కాడికి తీస్కపోతే
లోపలి అరల దొరికింది ఆ కాయితం, నాలుగు మడతలు.
ఆయన అద్దాలు తుడుసుకున్నడు.
"జేర్ జబర్ ఏం లేవు దీని మీద" అని
తడుముకుంట తడుముకుంట సదివిండు.
ఆరేండ్లప్పటి సంది సదువుతుండట అరబ్బీ,
"మాయ్‌నా రాదు బేటా, నాకొచ్చింది సదువుడే."
నాకు ఇంటే తెలుస్తది, సదువుడే రాదు.
ఇద్దరం కల్సి ఒక్క మనిషి అయినం,
ఆయన నోరు, నా చెవు.

ఇస్తలమ్తు.
స్టోర్‌కీపర్ దినాం అనెటోడు, ముట్టింది అని.
కామిల్.
అంతా. పూరాగ.
హుకూకీ.
దానికి నేను తెల్లమొకం వేసిన.
యాకూబ్ సాబు మిషన్ మీదికెల్లి కాలు తీసిండు.
"హక్" అన్నడు.
హక్కు.
ఆ మాట ఎవ్వలూ నేర్పలే నాకు.
బాకీ లెక్క, జమ లెక్క, జవాబు లెక్క
పుట్టినకాడికెల్లి నా నోట్లనే ఉంది,
యాడిదో తెల్వకుంట వాడుకుంటున్న.

నా హక్కులన్నీ నాకు పూరాగ ముట్టినయ్.
కింద లింబాద్రి.
పదకొండు నెలల జీతం.

బయట కండక్టరు కోరుట్ల, కోరుట్ల అని ఒర్లుతుండు.
యాకూబ్ సాబు కాయితం మడత వెట్టడు, నాకియ్యడు.
"నా నోటితోనే సదివిన గద" అన్నడు,
తప్పు తనదే అయినట్టు.
జిప్పుకు పైసలిస్తే తీసుకోలే.
జర సేపటికి
"యాడిదాక నేర్సినవ్?" అన్నడు.
"రా దాక."
"మేం రే అంటం."
ఎవలిదో కుట్టాల్సిన నల్ల ప్యాంటు గుడ్డ పరిసి
నీలం సుద్దతోని కొడవలి గీసిండు.
మీద ఒక చుక్క వెట్టి
"జే. అను" అన్నడు.
అన్న.